గంజి వాసన

పొద్దున్నే లేచి గంగయ్య చేసే మొదటి పని అల్లుడి నోటి వాసన చూడటం. తన ముఖం కడుక్కోవడం ఆ తర్వాతే.

బాలరాజు మగ్గం గుంతలోకి కాళ్లు దించబోతుంటే మామ ఎదురొచ్చి నిలబడేవాడు. "ఊఁ" అనేవాడు. బాలరాజు నోరు తెరిచి ఊదేవాడు. అంగట్లో ఎద్దు పళ్లు చూసే బేరగాడిలా గంగయ్య మెడ చాచి పీల్చేవాడు. బాగుందని ఏ రోజూ అనలేదు. బాగాలేదనడానికి రుజువు దొరికే రోజు కోసం కాచుకుని, అప్పటికి పక్కకు తొలగేవాడు.

దసరా వెళ్లిన వారం నుంచి గద్వాలలో ఆయన ఇంట్లో ఇదే తంతు.

బాలరాజుది పాన్‌గల్. గంగయ్య ఒక్కగానొక్క బిడ్డ జమ్ములమ్మను చేసుకుని పదేళ్లయింది. నేతలో అతనిది మంచి చేయి. తాగుడులో అంతకన్నా పెద్ద చేయి. పొద్దున కల్లు, పొద్దుగూకితే సారా. ఆ శ్రావణంలో నెత్తురు కక్కుకుని పడిపోయాడు. నాగర్‌కర్నూల్ తీసుకుపోతే అక్కడి హకీము కడుపు నొక్కి, కంటిరెప్ప ఎత్తి చూసి, "ఇంక చుక్క గొంతు దిగితే నా దగ్గరికి తేకుండ్రి. సీదా బొందలగడ్డకే తీస్కపోండ్రి" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా బాలరాజు వారం ఆగలేకపోయాడు. జమ్ములమ్మ మూట కట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. నెల తిరిగాక అతనూ వచ్చాడు. మానేశానన్నాడు. చేతులు వణుకుతున్నాయి. కళ్లు ఎప్పుడూ ఏదో అడుగుతున్నట్టున్నాయి.

గంగయ్య నమ్మలేదు. తాగుబోతు మాట నీళ్ల మీద రాత అని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కులపెద్ద కృష్ణయ్యను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మాట తేల్చేశాడు.

"ఒక్క పడుగు. మూడు చీరలు. నా ఇంట్ల, నా కండ్ల ముందర నెయ్యాలె. చుక్క ముట్టకుంట మూడు చీరలు దిగితే పిల్లను తోల్కపో. ముట్టినవా, గిదే అరుగు మీద తెగతెంపులు."

"ముట్టిండని ఎట్ల తెలుస్తది గంగయ్యా? దాసుకోని తాగెటోనికి దారులు తక్వనా?" అన్నాడు కృష్ణయ్య.

"బట్ట చెప్తది."

కృష్ణయ్య తల ఊపాడు. గంగయ్య ఆ మాట అంటే కాదనే నేతగాడు గద్వాలలో లేడు. నలభై ఏళ్లుగా ఆయన బట్టను చూసి మనిషిని చెప్పేవాడు. పేకను దగ్గరికి కొట్టే చేతి పలక గట్టిగా పడితే పోగులు బిగుసుకుని బట్ట అట్ట కడుతుంది. నీరసంగా పడితే పలచబడి, ఎండకు పడితే జల్లెడలా వెలుతురు కారుతుంది. మనసు కుదురుగా ఉన్నవాడి బట్ట ఒక్క తీరుగా ఉంటుంది. ఎవడు పెళ్లాంతో కొట్లాడి మగ్గమెక్కాడో, ఎవడు కడుపు మాడ్చుకుని నేశాడో ఆయన వేలితో తడిమి చెప్పగలడు. తన భార్య తిమ్మమ్మ పోయిన మూడో రోజే ఆయన మగ్గమెక్కాడు. ఆ రోజు బట్టను కృష్ణయ్య ఎండకు పట్టి చూసి, "ఇది పీనుగు లేసిన ఇంట్ల నేసిన బట్టేనా?" అన్నాడు. ఎక్కడా ఒక్క పోగు ఎగుడుదిగుడు లేదు. ఆ మాటను గంగయ్య ఇన్నేళ్లూ మెచ్చుకోలుగానే దాచుకున్నాడు.

గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ పోగు పోగుకు పెనవేసుకోవాలంటే నడుమ నేతగాడు నూలు కండె ఉన్న నాడె విసరాలి, పక్కన మరొకరు కూర్చుని అంచు నాడె అందించాలి. ఆ పక్కన జమ్ములమ్మ కూర్చుంది. ఎదురుగా స్తంభానికి ఆనుకుని గంగయ్య కూర్చున్నాడు. యుద్ధం రోజులు. నూలు రేషన్ చీటీల మీద కూడా దొరకడం గగనమైన కాలం. ఈ పడుగు పాడైతే మళ్లీ పడుగు ఎప్పుడో తెలియదు. అయినా ఎక్కించాడు.

మొదటి చీర జానెడు దిగకముందే బట్ట మాట్లాడటం మొదలుపెట్టింది.

నాలుగు వేళ్ల వెడల్పు అట్ట. దాని పైన రెండు వేళ్ల వెడల్పు జల్లెడ. మళ్లీ అట్ట. సాయంత్రం బట్ట చుట్టే ముందు గంగయ్య వంగి వేలితో తడిమి చూసేవాడు. పదేళ్లు తాగి నేసినప్పుడు కూడా బాలరాజు బట్ట ఇలా లేదు. పాన్‌గల్ నుంచి వచ్చిన చీరలు గంగయ్య చూశాడు. తేనె పోసినట్టు ఒక్క తీరు. ఇప్పుడేమో పిచ్చివాడి రాతలా ఉంది. తాగిన చేయి కాకపోతే ఇలా ఎందుకుంటుంది?

బట్ట అలా ఉంటే మనిషి అంతకన్నా అన్యాయంగా ఉన్నాడు. పోగు తెగితే నాడె నేలకేసి కొట్టేవాడు. రెండు ఘడియలకు తనే తీసుకుని, దుమ్ము తుడిచి, కళ్లకద్దుకునేవాడు. కోడిపిల్ల పడుగు కిందికి దూరిందని అరిచి, అది భయపడి గోడకు కొట్టుకుంటే దాన్ని చేతిలోకి తీసుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. జమ్ములమ్మ కూరలో ఉప్పు మరిచిందని కంచం తోసేశాడు. ఆ పూటంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు వీధిలో ఎవరో జారిపడితే నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక, ఊపిరాడక, చివరికి అది నవ్వో ఏడుపో తెలియకుండా పోయింది.

గంగయ్య అన్నీ చూస్తున్నాడు. అన్నీ ఒకే లెక్కలో వేసుకుంటున్నాడు. ఏడుపు తాగినవాడిది. నవ్వు తాగినవాడిది. కోపం సరేసరి.

ఎక్కడ తాగుతున్నాడో పట్టుకోవాలి. అంతే మిగిలింది.

పెరటి తలుపు ముందు పడుకోబోయే వేళ తవుడు చల్లాడు. పొద్దున చూస్తే కోడి అడుగులున్నాయి. బాలరాజు చెంబు పట్టుకుని బయటికి పోతే దూరంగా వెనకపడి నడిచాడు. తుమ్మచెట్ల మధ్య అల్లుడు గొంతుకూర్చుని ఊరికే మట్టిలో పుల్లతో గీతలు గీస్తున్నాడు. గంగయ్య చెట్టు చాటున ఘడియ సేపు నిలబడ్డాడు. కాళ్లు లాగాయి. ఏమీ దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు, ఎక్కడో పెద్ద ఏర్పాటే ఉందని అర్థం.

నోరు మాత్రం రోజూ పుల్లగానే వాసన వచ్చేది. సన్నగా, పులిసినట్టు. కల్లు అంటే కల్లు కాదు, కాదంటే కాదనలేం.

ఒక మధ్యాహ్నం బాలరాజు నాడె పక్కన పెట్టి, గుంతలోనే కూర్చుని, తల వంచుకుని అన్నాడు.

"మామా, నీకొక మాట చెప్త. తిట్టకుంట ఇను."

"చెప్పు."

"నాకు కోపమొస్తే ఏం జేయాల్నో తెల్వదు. నిజంగనే తెల్వదు. పదేండ్ల సంది కోపమొస్తే తాగిన. ఏడ్పొస్తే తాగిన. ఖుషీ అయితే తాగిన. ఏమొచ్చినా అదే మింగుతుండె. ఇప్పుడన్నీ ఒక్కసారే మీద పడుతున్నయి. చిన్న పోగు తెగితే నా పేగు తెగినట్లయితది. గిది తక్వయితదా? నీకెవరన్న తెలుసా గిట్లయినోల్లు?"

గంగయ్య అతని ముఖంలోకి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెదవి అదురుతోంది. ఆయనకు జాలి వేయబోయింది, కాని అంతలోనే ఒక సంగతి గుర్తొచ్చింది. తాగినవాళ్లే ఇలా మనసు విప్పుతారు. తాగనివాడు ఇంటల్లుడై ఉండి మామ ముందు పేగుల మాట ఎత్తుతాడా?

"ఊఁ. నోరు తెరువు" అన్నాడు.

బాలరాజు నోరు తెరవలేదు. నాడె అందుకుని, పలక లాగి కొట్టాడు. ఇల్లంతా అదిరింది. ఆ రోజు నాలుగు వేళ్లు కాదు, జానెడు మేర బట్ట చెక్కలా బిగుసుకుంది.

*

రెండో చీర సగంలో అది జరిగింది.

పక్క వీధి నబీ సాబ్ అంచుకు రంగు వేసిన పట్టు తెచ్చాడు. రంగుల పని ఆయనది. మోచేతుల దాకా నీలం ఎన్నడూ వదలదు. గంగయ్యకు ఈడువాడు, హద్దు లేకుండా మాట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషి. కృష్ణయ్య కూడా అరుగు మీదున్నాడు. అందరూ ఉన్నారు కదా అని గంగయ్య అల్లుణ్ని లేపి నిలబెట్టాడు.

"పెద్దమనుషులున్నరు. నోరు తెరువు."

"పొద్దున సూస్తివి గద మామా."

"మల్ల సూస్త. కృష్ణయ్య కూడ సూడాలె."

బాలరాజు తెరిచాడు. కృష్ణయ్య మొహమాటంగా వంగి పీల్చి, "పుల్లగ వస్తుంది" అన్నాడు.

"ఇన్నవా? ఇంక దాసుడేంది? తాగి నేస్తుండు. బట్ట నెలరోజుల సంది అదే మొత్తుకుంటుంది. తుమ్మచెట్ల కాడనా? ఎవడు తెచ్చిస్తుండు? చెప్పు!"

"తాగలే మామా."

"నీయవ్వ, బట్ట అబద్ధమాడ్తదా?"

నాడె గాలిలో ఎగిరిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. గోడకు తగిలిన చప్పుడు వినపడింది. జమ్ములమ్మ చెవికి బెత్తెడు దూరంలో గోడ పెచ్చు ఊడింది. ఆమె చెవి మీద చేయి పెట్టుకుని అలాగే కూర్చుంది. బాలరాజు తన చేతిని తనే చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. తర్వాత గుంత అంచున కూలబడి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది.

"సూసినవా కృష్ణయ్యా? తాగినోని పని కాదా గిది?" అన్నాడు గంగయ్య. ఆయన గొంతులో ఒక గెలుపు ఉంది.

నబీ సాబ్ చంకలోని పట్టు కట్ట పక్కన పెట్టాడు. "గంగయ్యా, జర నీ నోరు తెరువు."

"ఏంది?"

"తెరువు భాయ్. నేను సూస్త." అని నిజంగానే మూతి దగ్గరికి ముక్కు తెచ్చి పీల్చాడు. "యా అల్లా! కృష్ణయ్యా, ఈయన కూడ తాగిండు! పుల్లగ గుప్పుమంటుంది."

కృష్ణయ్య నవ్వాపుకున్నాడు. నబీ సాబ్ నవ్వలేదు. "కండెలు గంజినీల్లల్ల నానేస్తరు. కొత్త కండె పెట్టినప్పుడల్ల నాడె కంటికి నోరు పెట్టి పోగును పీల్చుకుంటరు. పొద్దుందాక పులిసిన గంజి పీల్చే నోరు అత్తరు వాసనొస్తదా? గద్వాలల నేసెటోల్ల నోర్లన్నీ గిట్లనే ఉంటయి. రంగులోన్ని, బయటోన్ని, నాకు తెలుస్తది. మీకెందుకు తెలుస్తది? మీ అందరి నోర్లు అవే."

గంగయ్య ముఖం మాడిపోయింది. కాని ఆయన ఒక మాట మీద నుంచి దిగితే ఇంకో మాట మీద నిలబడే మనిషి. "నోటి మాట ఇడ్సిపెట్టు. బట్ట?"

"నేను అద్దిన కొత్త రంగు కూడ మొదటి రెండు ఉతుకులల్ల కారుతది. పక్క బట్టలన్నీ ఖరాబ్ చేస్తది. అది పాడు రంగని పారేస్తమా? ఆగుతం. మనిషి కూడ గంతే గావచ్చు."

"రంగు నాడె ఇసరదు" అన్నాడు గంగయ్య.

కృష్ణయ్య లేచి, ఇంకో చీర ఉంది కదా, అదీ చూద్దామని తేల్చాడు. మూడోది కూడా ఇలాగే దిగితే తెగతెంపులే అన్నాడు.

వాళ్లు వెళ్లాక జమ్ములమ్మ నీళ్ల కుండ దగ్గర తండ్రిని నిలేసింది.

"నాయనా, తాగినన్నాల్లు ఆయన నా మీద చెయ్యెత్తలే. ఒక్కనాడు ఎత్తలే. ఆవు లెక్క పడుకుంటుండె. ఇప్పుడు నాకు భయమైతుంది."

"అందుకే చెప్తున్న. తాగుతుండు గనుకనే."

"తాగుతలేడు నాయనా! పక్కన కూసునేది నేను గదా!"

"నువ్వు పెండ్లానివి. నీ ముక్కు పని జెయ్యదు."

ఆయన ముఖంలో సందు లేదు. ఆమె చెంబు ముంచుకుని మగ్గం వైపు వెళ్లిపోయింది.

*

మూడో చీర మొదలైన నాలుగో రోజు గంగయ్య బట్ట తడిమి, మళ్లీ తడిమాడు. ఎండలోకి జరిపి చూశాడు.

ఒక్క తీరుగా ఉంది.

వేలికి ఎక్కడా మెట్టు తగల్లేదు. వెలుతురు ఎక్కడా కారలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పలక దెబ్బ తూకం వేసినట్టు పడుతోంది. మనిషి కూడా మెత్తబడ్డాడు. పోగు తెగితే నోట్లో తడి చేసుకుని ముడి వేసుకుంటున్నాడు. ఉప్పులేని కూర తింటున్నాడు. మామ ఏదన్నా, "అట్లనే మామా" అంటున్నాడు. పెదవి మీద చిన్న నవ్వు.

"దారికొచ్చిండు. పెద్దమనుషుల ముందర ఇజ్జత్ తీస్తే గాని రాలే" అని గంగయ్య కృష్ణయ్యతో అన్నాడు. తవుడు చల్లడం మానేశాడు. తుమ్మచెట్ల దాకా వెంటపడటం మానేశాడు. నోరు చూడటం కూడా మానేశాడు. బట్ట చెబుతుంటే నోటితో పనేముంది? జమ్ములమ్మ అంచుకు పట్టు కావాలని నబీ సాబ్ ఇంటికి రోజు మార్చి రోజు పోయి వస్తోంది. వచ్చాక ఘడియ సేపు మగ్గం గుంత దగ్గర సర్దుతోంది. గంగయ్య దాన్నీ చూశాడు. బిడ్డ సంసారం నిలబడే వేళకు హుషారుగా తిరుగుతోందనుకున్నాడు. ఆయన అనుమానమంతా ఒకే మనిషి మీద ఖర్చయింది.

మార్గశిరంలో పడుగు కోశారు. కృష్ణయ్య వచ్చాడు. చుట్టిన బట్టను వాకిట్లో పరిచారు. మూడు చీరలు ఒకదాని వెంట ఒకటి, రెండు నెలల బతుకు నేల మీద పారినట్టు. గంగయ్య కర్ర పట్టుకుని మొదటి చీర దగ్గర నిలబడ్డాడు.

"గిది సూడుండ్రి. అట్ట, జల్లెడ, అట్ట. తాగిన చెయ్యి." నడిచాడు. "రెండోది ఇంక అన్యాయం. గీ చెక్క లెక్కున్న జాగ నాడె ఇసిరిన నాడు." నడిచాడు. "గిదో, మూడోది. సూడు కృష్ణయ్యా, నా బట్టకు గీ బట్టకు తేడా చెప్పు. గిది మానిన మనిషి చెయ్యి. బాలరాజూ, ఇప్పుడన్న ఒప్పుకో. మొదటి రెండు చీరలకు తాగినవు. మూడో చీరకు మానినవు. ఔనా?"

జమ్ములమ్మ చేతిలోని చాట ఆగింది.

"ఔను మామా" అన్నాడు బాలరాజు. నవ్వు ముఖంతో.

నెల కింద ఇదే మాటకు నాడె విసిరినవాడు. గంగయ్యకు అది తట్టలేదు. తప్పు ఒప్పుకున్న మనిషిని చూసి ఆయన కడుపు చల్లబడింది. కృష్ణయ్య మూడో చీర మడిచి చంకన పెట్టుకుని, పిల్లను పంపమని చెప్పి వెళ్లాడు. మొదటి రెండు అంగడికి పనికిరానివి. అవి ఇంట్లోనే ఉన్నాయి.

మర్నాడు తెల్లవారగానే బండి కట్టారు. దారిలో జమ్మిచేడు అమ్మవారికి నైవేద్యం పెట్టుకుని, కృష్ణ రేవులో పుట్టి పడవ ఎక్కి, ఆవలి గడ్డ నుంచి పాన్‌గల్ పోవాలని. తనకు పేరిచ్చిన అమ్మవారిని చూడకుండా జమ్ములమ్మ ఊరు దాటదు. బండి కదిలేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి అంది.

"నాయనా, మగ్గం గుంత నువ్వు సాఫ్ చేయకు. నడుములు పడుతయి. నేనొచ్చినప్పుడు చేస్త."

బండి మలుపు తిరిగింది. గంగయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నలభై ఏళ్లుగా తన గుంత తనే ఊడ్చుకున్నాడు. తిమ్మమ్మను కూడా దిగనిచ్చేవాడు కాదు. ఇవాళ నడుములేమిటి?

లోపలికి పోయి గుంతలోకి దిగాడు.

జమ్ములమ్మ కూర్చునే వైపు, గంజి గిన్నె పెట్టుకునే గూటి కింద ఒక రాయి వదులుగా ఉంది. లాగాడు. వెనక మట్టి బుడ్డి. మూతికి బట్ట కాదు, పట్టు పోగుల ఉండ కుక్కి ఉంది. నీలం పట్టు. అంచు పట్టు. ఆ పట్టు పట్టుకునే చేయి ఇంట్లో ఒక్కటే.

ఉండ పీకి వాసన చూశాడు. ఈసారి గంజి కాదు. ఇప్పసారా. అడుగున రెండు గుక్కలున్నాయి.

*

నబీ సాబ్ వచ్చేసరికి గంగయ్య వాకిట్లో మోకాళ్ల మీద ఉన్నాడు. మొదటి రెండు చీరలు ఎండలో పరిచి ఉన్నాయి. బుడ్డి పక్కన ఉంది. నబీ సాబ్ బుడ్డిని చూశాడు, నీలం ఉండను చూశాడు.

"నా బిడ్డ నీ ఇంటికి పట్టు కోసం దినం మార్చి దినం వచ్చింది గదా?" అన్నాడు గంగయ్య తలెత్తకుండా.

"మూడో చీరకు సరిపడ పట్టు రెండో చీరప్పుడే ఇచ్చిన గదా. ఆ తర్వాత రాలే."

గంగయ్య వేలు చీర మీద నడుస్తోంది. ఇక్కడ అట్ట కట్టింది. తవుడు చల్లిన పొద్దు. అల్లుడు పొద్దున తలుపు తీసి ఆ తవుడు చూశాడు, తన వైపు చూశాడు, మగ్గమెక్కాడు. ఇక్కడ జల్లెడ. కోడిపిల్ల రోజు. ఇక్కడ చెక్క. "తక్వయితదా" అని అడిగితే "నోరు తెరువు" అన్న మధ్యాహ్నం. దాని పక్కనే రెండు వేళ్ల మేర బట్ట మంచిగా ఉంది. అంతకు ముందు ఈ రెండు వేళ్లు ఆయన కంటికి ఆనలేదు. ఇంకొంచెం పైన మూడు వేళ్లు. రెండో చీర సగం దగ్గర ఏకంగా బెత్తెడు. కుదురుతోంది. తనంతట తనే, చుక్క లేకుండా, మెల్లగా కుదురుతోంది. ఆ బెత్తెడు అయిపోయిన చోటే పెద్దమనుషుల ముందు నోరు తెరిపించిన రోజు. అక్కడి నుంచి మళ్లీ చెక్క.

బట్ట అబద్ధమాడలేదు. చదివినవాడు అడ్డంగా చదివాడు.

"వాల్ల ఎనక పోతవా?" అన్నాడు నబీ సాబ్.

గంగయ్య మొదటి చీర చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నీలం ఉండ పిడికిట్లో ఉంది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి అడ్డదారిన పొలాల మీద పడ్డాడు.

రేవు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అమ్మవారి దగ్గర ఆలస్యమైనట్టుంది, బండి ఇంకా గడ్డ మీదే ఉంది. బాలరాజు ఇసుకలో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జమ్ములమ్మ తండ్రి ముఖం చూసింది, పిడికిట్లోంచి వేలాడే నీలం పోగు చూసింది.

"గుంత సాఫ్ చేయకు అన్న గద" అంది.

"హకీము చెప్పిన మాట నువ్విన్నవా లేదా?"

"విన్న. నువ్వు కూడ విన్నవు. రోజుకు రెండే గుక్కలు పోసిన. కొలిచి పోసిన. తాగకుంట నేస్తే తాగిండంటివి. ఆయన ఉట్టిగ ఎన్ని దినాలు కాలాలె? ఆ నాడె జర ఇటు తగిలితే నేను గీడ ఉంటనా?"

"నాకు చెప్పక పోతివి."

"చెప్పిన గద నాయనా. నీల్ల కుండ కాడ."

గంగయ్య అల్లుడి ముందు కూర్చున్నాడు. చీర విప్పి ఇసుక మీద పరిచాడు. ఆయన వేలు ఆ రెండు వేళ్ల మంచి బట్టను వెతికి పట్టుకుంది.

"గిది నువ్వు తాగకుంట నేసినవు. రెండోది కూడ. నాకు తెలిసింది."

"ఔను మామా" అన్నాడు బాలరాజు.

అదే నవ్వు. అదే మెత్తని గొంతు. నిన్న అబద్ధానికి ఏ తీరుగా అన్నాడో ఇవాళ నిజానికీ అదే తీరుగా అన్నాడు. గంగయ్యకు ఈ మనిషి కోపంతో తన మీదికి లేస్తే బాగుండును, ఆ మూట విసిరి కొడితే బాగుండును అనిపించింది. మూటలో ఏదో గుండ్రంగా ఉంది. బాలరాజు చేయి దాని మీదే ఉంది.

"ఎనక్కు రాండ్రి" అన్నాడు గంగయ్య. అలాంటి మాట ఆయన నోట ఎవరూ వినలేదు. "ఇంకో పడుగు ఎక్కిస్త. నూలు యాడన్న తెస్త. ఖరాబ్ చెయ్యి. మొత్తం చెక్క చెయ్యి, జల్లెడ చెయ్యి. నేనేం అన. నోరు సూడ. బట్ట సూడ. ఒట్టు."

పుట్టివాడు కేకేశాడు. జమ్ములమ్మ మొగుడి వైపు చూసింది.

బాలరాజు వంగి చీర మీద వేలు పెట్టాడు. ఆ రెండు వేళ్ల మంచి బట్ట మీద కాదు, చెక్కలా బిగిసిన చోట. అక్కడ తడిమాడు. నవ్వు ఒక్క క్షణం చెదిరింది. పెదవి అదిరింది. ఆ మధ్యాహ్నం మగ్గం గుంతలోంచి అడిగిన మనిషి కళ్లలోకి వచ్చి, ఒకసారి చూసి, పోయాడు.

"నువ్వు సూడకుంట ఉండలేవు మామా" అన్నాడు. అందులో కోపం లేదు.

చీర మడిచి భుజాన వేసుకున్నాడు. మూట ఎత్తుకున్నాడు. ఇద్దరూ పుట్టి ఎక్కారు. జమ్ములమ్మ తండ్రికి చేయి ఊపలేదు. పుట్టి ఒకసారి గుండ్రంగా తిరిగి ప్రవాహంలో పడింది.

గంగయ్య నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడ్డాడు. ఎండ కళ్లలో పడుతోంది. నుదుటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. పుట్టి నడి ఏటికి చేరేసరికి మనుషులు చిన్నగా అయిపోయారు. ముఖాలు ఆనడం లేదు. అయినా ఆయన కళ్లు ముఖాల కోసం చూడటం లేదు. అల్లుడి చేయి ఆ మూట వైపు పోతుందా, పోదా అని చూస్తున్నాయి.